బెజవాడ ఎండ నుంచి కేదార్‌కంఠ మంచుకు: ట్రెక్కింగ్, క్యాంపింగ్ ఏర్పాట్లు

కృష్ణ ఒడ్డున పెరిగిన ఒంటికి చెమట కొత్త కాదు. మే నెల ఎండలో మనల్ని కాపాడేది ఆ చెమటే. కేదార్‌కంఠ దారిలో మాత్రం అది శత్రువు. రాత్రిపూట సున్నాకు అయిదు, పది డిగ్రీలు కిందికి దిగిపోయే చోట, పగలు పట్టిన చెమట బనీనులో మిగిలిపోతే ఒంట్లో వేడినంతా లాగేస్తుంది. విజయవాడ, గుంటూరు వైపు నుంచి మొదటిసారి మంచుకొండ ఎక్కేవాళ్ళు కాళ్ళలో బలం గురించే ఎక్కువ దిగులు పడతారు. అసలు చూసుకోవలసినవి రెండు: ఒళ్ళు పొడిగా ఉంచుకోవడం, నెమ్మదిగా ఎక్కడం. బట్టలు, తిండి, రోజుల లెక్క అన్నీ ఈ రెంటి చుట్టూనే తిరుగుతాయి.

కేదార్‌కంఠ ఉత్తరాఖండ్‌లో, ఉత్తరకాశీ జిల్లాలోని గోవింద్ పశు విహార్ జాతీయ ఉద్యానవనంలో ఉంది. గోవింద్ వల్లభ్ పంత్ పేరుతో 1955లో అభయారణ్యంగా మొదలైన అడవి ఇది. శిఖరం ఎత్తు 3,810 మీటర్లు, అంటే 12,500 అడుగులు. నడక మొదలయ్యే సాంక్రి ఊరు సుమారు 1,950 మీటర్ల ఎత్తులో ఉంటుంది. విజయవాడ సముద్రమట్టానికి సుమారు 20 మీటర్లు మాత్రమే పైన ఉందన్న సంగతి గుర్తు పెట్టుకుంటే, ఈ అంకెల బరువు తెలుస్తుంది. ఎక్కి దిగే దారి మొత్తం కలిపి 20 కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. పైనుంచి స్వర్గారోహిణి, బందర్‌పూంఛ్, కాలానాగ్ శిఖరాలు కనిపిస్తాయి. శీతాకాలంలో మామూలు మనిషి తాళ్ళూ మంచు గొడ్డళ్ళూ లేకుండా ఎక్కగల కొండల్లో ఇది బాగా పేరున్నది. రద్దీ ఎక్కువ కావడానికి కారణం కూడా అదే.

ఎప్పుడు వెళ్ళాలి

మంచు మీద నడవాలంటే డిసెంబరు చివరి నుంచి ఏప్రిల్ మొదటి వారాల దాకా. మన వాళ్ళకు సెలవులు దొరికేది క్రిస్మస్‌కో, సంక్రాంతికో. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా దారి నిండా జనం ఉంటారు. నడిచి నడిచి నలిగిన మంచు రాత్రికి గట్టిపడి గాజులా జారుతుంది. సంక్రాంతి సమయంలో జనం కొంచెం పలచబడతారు గానీ ఉత్తరాదిలో పొగమంచు కాలం అది. ఢిల్లీ దగ్గర రైళ్ళు గంటల తరబడి ఆలస్యమవుతాయి. మా సలహా ఫిబ్రవరి చివరి పది రోజులు, మార్చి మొదటి పది రోజులు. మంచు ఇంకా నిలిచి ఉంటుంది, పగలు పొడుగు, పొగమంచు బెడద తగ్గుతుంది, రాత్రి చలి కూడా జనవరి అంత కొరకదు. పిల్లల పరీక్షల వల్ల అప్పుడు వీలుకాని ఇళ్ళవాళ్ళు ఏప్రిల్ మొదట్లో పెట్టుకోవచ్చు. అప్పటికి కింది భాగంలో మంచు కరిగి, పైన మాత్రమే మిగులుతుంది.

ఎన్ని రోజులు కావాలన్నది మొదటే తేల్చుకోండి. అయిదారు రోజులు సెలవు పెట్టి రైల్లో వెళ్ళి వచ్చేద్దామంటే కుదిరే పని కాదు. విజయవాడ నుంచి ఢిల్లీకి తమిళనాడు, కేరళ, జీటీ, ఏపీ ఎక్స్‌ప్రెస్‌లలో దేంట్లో వెళ్ళినా ఒక పగలూ రాత్రీ దాటి పడుతుంది. అక్కడినుంచి దెహ్రాదూన్‌కు రాత్రి బస్సో, పొద్దుటి శతాబ్దో. దెహ్రాదూన్ నుంచి సాంక్రికి సుమారు 200 కిలోమీటర్ల కొండదారి, ఎనిమిది నుంచి పది గంటలు. రానూపోనూ ప్రయాణానికే ఆరేడు రోజులు, కొండ మీద నాలుగు, అదనంగా ఒకటి, మొత్తం పదకొండు పన్నెండు రోజులు పెట్టుకోండి. గన్నవరం నుంచి ఢిల్లీకి విమానంలో వెళితే మూడు రోజులు కలిసొస్తాయి. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. ఆ రోజు పొద్దున్నే కూర్చుని టికెట్లు తీసేయండి. ఢిల్లీలో దిగే రైలుకూ దెహ్రాదూన్ రైలుకూ మధ్య చలికాలంలో కనీసం ఎనిమిది గంటలు ఎడం ఉంచండి. రెండు గంటల ఎడంతో బుక్ చేసుకుని, ఆగ్రా దగ్గరే పొగమంచులో నిలబడిపోతే మొత్తం లెక్క తప్పుతుంది.

గ్యాస్ డబ్బాలు, స్టవ్ సిలిండర్లు, కిరోసిన్ రైల్లోనూ విమానంలోనూ నిషేధం. దాచి తీసుకెళ్ళే ఆలోచన కూడా వద్దు, దెహ్రాదూన్‌లో కొనుక్కోవచ్చు. పవర్ బ్యాంకును విమానంలో చేతిసంచిలోనే పెట్టుకోవాలి. 20,000 ఎంఏహెచ్ ది సుమారు 74 వాట్ అవర్లు, 100 లోపే కాబట్టి అభ్యంతరం ఉండదు.

దెహ్రాదూన్ రైల్వే స్టేషన్ పక్కనున్న కొండ బస్టాండు నుంచి తెల్లవారుజామున సాంక్రి వైపు బస్సులు బయలుదేరతాయి. వాటా జీపులు కూడా దొరుకుతాయి. ముస్సోరీ, డామ్టా, నౌగావ్, పురోలా, మోరీ, నైట్వార్, ఆ తరువాత సాంక్రి. నైట్వార్ దగ్గర రూపిన్, సూపిన్ నదులు కలిసి టోన్స్ అవుతాయి. అటవీ శాఖ తనిఖీ కూడా ఈ దారిలోనే ఉంటుంది కనుక ఆధార్ నకళ్ళు మనిషికి మూడేసి పెట్టుకోండి. ఆ మలుపుల్లో వాంతులు అవడం మామూలు. బయలుదేరే అరగంట ముందు వాంతుల మాత్ర వేసుకుని, ఇడ్లీ లాంటి తేలిక తిండి తిని, ముందు సీట్లో కూర్చోండి. పురోలా దాటాక ఏటీఎం మీద ఆశ పెట్టుకోవద్దు. నగదు అక్కడికి ముందే తీసుకోండి. ఫోను సిగ్నల్ సాంక్రిలో అంతంతమాత్రం, పైన దాదాపు ఉండదు. ఏ రోజు తిరిగి ఫోను చేస్తారో ఇంట్లోవాళ్ళకు ముందే చెప్పి వెళ్ళండి.

చలికాలంలో మొదటిసారి వెళ్ళేవాళ్ళు స్థానిక గైడు లేకుండా వెళ్ళవద్దు. కొత్త మంచు పడితే దారి గుర్తులన్నీ మాయమవుతాయి. ట్రెక్కింగ్ సంస్థతో వెళ్ళేటట్లయితే డబ్బు కట్టే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి: అడవి ప్రవేశ రుసుము కలిపారా, గైడుకు ప్రథమ చికిత్సలో శిక్షణ ఉందా, ఆక్సిజన్ సిలిండరు ఏ క్యాంపులో ఉంటుంది, ఎవరికైనా బాగోకపోతే కిందికి దింపే మనిషి వేరుగా ఉంటాడా. నాలుగో ప్రశ్నకు నీళ్ళు నమిలే సంస్థను వదిలేయండి.

ఎనిమిది వారాల సాధన

కొండ ఎక్కే బలం చదును నేల మీద రాదు. బందరు కాలువ గట్టు మీద రోజూ గంట నడిచినా ఊపిరికి మంచిదే గానీ తొడలకు చాలదు. విజయవాడ వాళ్ళకు గాంధీ కొండ ఉంది, కొండపల్లి కోట దారి ఉంది, మూలపాడు వైపు అడవి బాటలున్నాయి. మంగళగిరి పానకాల స్వామి మెట్లు అటు గుంటూరుకూ ఇటు బెజవాడకూ దగ్గరే. గుంటూరు వాళ్ళకు కొండవీడు ఘాట్ రోడ్డును మించిన సాధన చోటు లేదు. నరసరావుపేట వైపు వాళ్ళకు కోటప్పకొండ మెట్లు. అడవి బాటలకు వెళ్ళేటప్పుడు అటవీ శాఖ అనుమతి తీసుకోండి, ఎండెక్కక ముందే దిగేయండి.

మొదటి రెండు వారాలు వారానికి నాలుగు రోజులు, రోజుకు అయిదు కిలోమీటర్లు వేగంగా నడవండి. మూడో వారం నుంచి ఆ నాలుగింటిలో రెండు రోజులు మెట్లు. అయిదో వారం నుంచి వీపున బరువు. అయిదు కిలోలతో మొదలుపెట్టి వారానికి కిలో చొప్పున పెంచి ఏడు దాకా తీసుకెళ్ళండి. బరువుకు నీళ్ళ సీసాలు పెట్టుకుంటే మంచిది, పైకి ఎక్కాక పారబోసి ఖాళీ సంచితో దిగవచ్చు. మోకాలి నొప్పులు వచ్చేది ఎక్కేటప్పుడు కాదు, బరువుతో దిగేటప్పుడు. ఏడో వారానికి అయిదు కిలోమీటర్లు 40 నిమిషాల లోపు ఆయాసం లేకుండా పరుగు, నడక కలిపి పూర్తి చేయగలిగితే చాలు. చివరి వారం తగ్గించేయండి.

ఈ సాధన గుండెకూ కాళ్ళకూ పనికొస్తుంది. ఎత్తుకు మాత్రం పనికిరాదు. ఎత్తులో గాలి పలచబడటం వల్ల వచ్చే ఎత్తు జబ్బు మారథాన్ పరుగెత్తేవాడికీ వస్తుంది. బలముందన్న ధీమాతో అతడు తొందరగా ఎక్కుతాడు కనుక ఇంకా తొందరగా వస్తుంది.

సాధనంతా ట్రెక్కు బూట్లతోనే చేయండి. కొత్త బూట్లతో సాంక్రిలో దిగితే మొదటి రోజే మడమ బొబ్బలెక్కుతుంది. అంతకన్నా పెద్ద ప్రమాదం పాత బూట్లతో. చాలా బూట్ల అడుగున మెత్తగా ఉండే పొర పాలీయూరిథేన్‌తో చేసింది. మన కోస్తా ఉక్కపోతలో, వాడకుండా అటక మీద మూడు నాలుగేళ్ళు పడి ఉంటే ఆ పొర తేమకు లోపల్లోపలే పిండైపోతుంది. పైకి కొత్తవాటిలాగే కనిపిస్తాయి. మంచులో రెండు గంటలు నడిచేసరికి అడుగు ఊడి చేతికొస్తుంది. అన్నగారి దగ్గరో స్నేహితుడి దగ్గరో బూట్లు అడిగి తెచ్చుకుంటే, ముందు కొండపల్లి రెండుసార్లు ఎక్కి చూడండి.

బట్టలు

బెజవాడలో స్వెట్టర్ కొనడమంటే లావుగా ఉన్నది ఏరుకోవడం. కొండ మీద ఒక్క లావు బట్ట కన్నా మూడు పల్చటి పొరలు మేలు. వేడెక్కినప్పుడు ఒకటి విప్పవచ్చు, ఆగినప్పుడు వేసుకోవచ్చు. ఒంటికి అంటుకునే పొర చెమటను పీల్చి బయటికి తోసే పాలిస్టర్ లేదా మెరినో ఉన్ని థర్మల్. దాని మీద ఫ్లీస్, అంటే మెత్తటి నూగున్న సింథటిక్ స్వెట్టర్. అన్నిటికన్నా పైన గాలినీ మంచునూ ఆపే జాకెట్. వీటికి తోడు, కూర్చున్నప్పుడు వేసుకోవడానికి ఈకలు నింపిన బొద్దు జాకెట్ ఒకటి సంచిలో పైపైనే ఉండాలి. నడిచేటప్పుడు దాన్ని వేసుకోవద్దు, చెమటకు తడిస్తే ఈకలు ముద్దకట్టి వెచ్చదనం పోతుంది.

నూలు బట్ట ఒక్కటి కూడా వద్దు. బనీను, డ్రాయరు, జీన్సు, టర్కీ తువ్వాలు, నూలు సాక్సులు అన్నీ ఇంట్లో వదిలేయండి. నూలు తడిని పట్టి ఉంచుతుంది, ఆ చలిలో ఆరదు. రైలు ప్రయాణానికి వేసుకున్నవి సాంక్రిలోని బసలో పెట్టి వెళ్ళవచ్చు.

మన వాళ్ళు పడే ఇబ్బంది ఇక్కడే మొదలవుతుంది. పొద్దున్నే చలికి వణుకుతూ ఉన్నవన్నీ వేసుకుని బయలుదేరతారు. ఇరవై నిమిషాల్లో లోపలంతా తడిసిపోతుంది. విప్పడానికి బద్ధకించి అలాగే నడుస్తారు. క్యాంపుకు చేరి కూర్చున్న పావుగంటకు దవడలు కొట్టుకోవడం మొదలు. నడక మొదలుపెట్టేటప్పుడు కొంచెం చలిగా అనిపించాలి. పది నిమిషాల తరువాత ఆగి, ఒక పొర తీసి సంచిలో పెట్టండి. ముక్కుతో ఊపిరి పీలుస్తూ మాట్లాడగలిగినంత వేగంలో నడిస్తే చెమట పట్టదు. క్యాంపు చేరిన వెంటనే, టీ తాగక ముందే, లోపలి పొర మార్చుకోండి. ఇందుకు ఒక పొడి థర్మల్ జతను, ఒక పొడి సాక్సుల జతను ప్లాస్టిక్ సంచిలో కట్టి, నిద్రకు మాత్రమే కేటాయించండి. ఎంత ఆశ పుట్టినా వాటిని పగలు తొడగవద్దు.

కావలసిన లెక్క ఇది. థర్మల్ పైవి రెండు, కిందివి రెండు. ఫ్లీస్ ఒకటి. ఈకల జాకెట్ ఒకటి. నీరు చొరబడని జాకెట్, ప్యాంటు ఒక్కో జత. ట్రెక్కింగ్ ప్యాంట్లు రెండు. నడకకు సింథటిక్ సాక్సులు మూడు జతలు, పడుకోవడానికి ఉన్ని సాక్సులు ఒకటి. చేతులకు పల్చటి గ్లౌజులు ఒక జత, వాటిమీద వేసుకునే నీరు చొరబడనివి ఒక జత. ఉన్ని టోపీ ఒకటి, మెడకూ ముక్కుకూ చుట్టుకునే గుడ్డ ఒకటి. మంకీ క్యాప్ నిద్రకు బాగానే ఉంటుంది, నడకలో చెవులు మూసేసి గైడు మాట వినబడనివ్వదు. నల్లకళ్ళద్దాలు తప్పనిసరి. మంచు మీద పడిన ఎండ కింది నుంచి కూడా కొడుతుంది. రెండు మూడు గంటలు అద్దాలు లేకుండా నడిస్తే ఆ రాత్రి కళ్ళలో ఇసుక పోసినట్టు మండి, తెరవలేని స్థితి వస్తుంది. యూవీ 400 అని రాసి ఉన్నవే కొనండి. పెదాలకు, ముక్కు కింద, గడ్డం కింద కూడా సన్‌స్క్రీన్ రాయాలి.

బూట్లలోకి మంచు దూరకుండా పిక్కలకు చుట్టే గైటర్లు, జారకుండా రబ్బరు పట్టీతో బూట్లకు తగిలించే ముళ్ళ మైక్రోస్పైకులు, ఊతకర్రలు సాంక్రిలో అద్దెకు దొరుకుతాయి, కొననక్కర లేదు. స్పైకులు తీసుకునేటప్పుడు మీ బూటుకు అక్కడే తొడిగి, కాలు విదిలించి చూడండి. రబ్బరు వదులైతే వాలులో ఊడిపోతాయి. జాకెట్లు కూడా అద్దెకు ఉంటాయి గానీ థర్మల్స్, సాక్సులు, గ్లౌజులు సొంతవే ఉండాలి.

టెంటు, పడక

సంస్థతో వెళితే టెంట్లు వాళ్ళే వేస్తారు. సొంతంగా తీసుకెళ్ళే వాళ్ళు ముందు డాబా మీద, రాత్రిపూట, హెడ్‌ల్యాంపు వెలుగులో, చేతులకు గ్లౌజులతో మూడుసార్లు వేసి చూడాలి. పదిహేను నిమిషాలకు మించి పడితే ఇంకా సాధన కావాలని అర్థం.

మంచు మీద టెంటు వేసే పద్ధతి వేరు. ముందు ఆ చోటును బూట్లతో బాగా తొక్కి చదును చేయాలి. తరువాత పావుగంట నుంచి అరగంట అలా వదిలేస్తే తొక్కిన మంచు గట్టిపడుతుంది. ఆగకుండా వేస్తే రాత్రి ఒంటి వేడికి నడుము కింద గుంట పడుతుంది. మామూలు మేకులు మంచులో నిలవవు. చిన్న సంచుల్లో మంచు నింపి, తాడు కట్టి, అడుగు లోతున పాతిపెట్టి పైన తొక్కేస్తే అదే లంగరు. చలికి భయపడి టెంటు గాలిరంధ్రాలు మూసేయకండి. మన ఊపిరిలోని తేమే పై గుడ్డకు మంచుగా పట్టి, పొద్దున్న పడక మీద చినుకుల్లా రాలుతుంది. టెంటు లోపల స్టవ్ వెలిగించడం, కుంపటి పెట్టుకోవడం ప్రాణాంతకం. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు. నిద్రలోనే మనిషి పోతాడు. బయట భోగి మంటలా నెగడు వేద్దామన్న ఉత్సాహం కూడా వద్దు, ఇది జాతీయ ఉద్యానవనం, కట్టెలు కొట్టడం నేరం. బుగ్యాళ్ళనే గడ్డి మైదానాల మీద రాత్రి బసను ఉత్తరాఖండ్ హైకోర్టు 2018లో నిషేధించింది. గైడు చూపించిన చోటే టెంటు వేయండి.

స్లీపింగ్ బ్యాగ్ మీద రెండు అంకెలు ఉంటాయి. హాయిగా నిద్రపట్టే చలి కంఫర్ట్, ఎలాగో తట్టుకోగల చలి లిమిట్. కొనేటప్పుడు దుకాణదారు చూపించేది లిమిట్, మనం చూడాల్సింది కంఫర్ట్. జనవరికి మైనస్ 10, మార్చికి మైనస్ 5 కంఫర్ట్ ఉండాలి. బ్యాగుకు ఎంత ఖర్చు పెట్టినా, కింద పరుపు సరిగా లేకపోతే దండగే. ఒంటి కింద నలిగిన బ్యాగు వేడిని ఆపదు. చలి నేల నుంచే ఎక్కువ ఎక్కుతుంది. మ్యాట్ చలిని ఎంత ఆపుతుందో చెప్పే ఆర్ విలువ నాలుగుకు తగ్గకూడదు, లేదా రెండు ఫోమ్ మ్యాట్లు ఒకదానిమీద ఒకటి వేసుకోండి.

పడుకునే ముందు మరిగిన నీళ్ళు గట్టి మూత సీసాలో పోసి, సాక్సు తొడిగి, బ్యాగులో తొడల మధ్య పెట్టుకోండి. ఫోను, పవర్ బ్యాంకు, హెడ్‌ల్యాంపు బ్యాటరీలు కూడా బ్యాగు లోపలే. బయట వదిలిన ఫోను పొద్దున్నకు నలభై శాతం చూపిస్తూనే ఆరిపోతుంది. మిగతా నీళ్ళ సీసాలను తలకిందులుగా నిలబెట్టండి. మంచు పైనుంచి కడుతుంది కనుక పొద్దున్న మూత దగ్గర నీళ్ళే ఉంటాయి. మూత్రం వస్తే బిగపట్టుకుని పడుకోవద్దు, వెళ్ళి రండి. బిగపట్టుకుంటే చలి ఇంకా ఎక్కువనిపిస్తుంది, నిద్ర రాదు.

తిండి, నీళ్ళు

క్యాంపులో వేడిగా రొట్టె, పప్పు, అన్నం పెడతారు. సొంతంగా వండుకునేవాళ్ళు ప్రెషర్ కుక్కరు లేకుండా అన్నం మీద ఆశ వదులుకోవాలి. 3,400 మీటర్ల ఎత్తులో నీళ్ళు సుమారు 89 డిగ్రీలకే మరుగుతాయి. బియ్యం ఎంతసేపు ఉడికించినా లోపల పలుకు మిగులుతుంది, గ్యాస్ అయిపోతుంది. అంతకన్నా ఇంట్లోనే నేతిలో వేయించి, తాలింపు పెట్టి, ఉప్పు కలిపి, పూటకో పొట్లం చొప్పున కట్టిన ఉప్మా రవ్వ నయం. మరిగే నీళ్ళు పోసి మూతపెడితే అయిదు నిమిషాల్లో తినవచ్చు. అటుకులు కూడా అంతే. గ్యాస్ డబ్బా కొనేటప్పుడు ఉత్త బ్యూటేన్ ది తీసుకోకండి, సున్నా డిగ్రీల దగ్గర అది ఆవిరి కాదు, స్టవ్ వెలగదు. ప్రొపేన్, ఐసోబ్యూటేన్ కలిపినది అడగండి.

దారిలో నమలడానికి పల్లీ చిక్కీ, నువ్వుల ఉండలు, ఖర్జూరం, జీడిపప్పు రోజుకు మనిషికి 200 గ్రాములు లెక్క వేసుకోండి. సున్నుండలు బలమే గానీ నెయ్యి గడ్డకట్టి రాళ్ళవుతాయి, జేబులో ఒంటికి దగ్గరగా పెట్టుకుంటే మెత్తగా ఉంటాయి. ఎత్తులో ఆకలి చచ్చిపోతుంది. అప్పుడు కందిపొడో, చిన్న సీసాడు ఆవకాయో నాలుగు ముద్దలు లోపలికి పంపుతుంది. అంతవరకే. గుంటూరు కారం దట్టంగా తిని, మంచులో అర్ధరాత్రి నాలుగుసార్లు టెంటు బయటికి పరుగెత్తే పరిస్థితి తెచ్చుకోవద్దు.

దాహం వేయదు, అయినా రోజుకు మూడు నాలుగు లీటర్లు తాగాలి. పొడిగాలిలో ఊపిరితోనే బోలెడు నీళ్ళు పోతాయి. మూత్రం రంగు ముదిరితే ఇంకా తాగాలని లెక్క. ఒక ఫ్లాస్కులో వేడినీళ్ళు, ఒక సీసాలో ఓఆర్ఎస్ కలిపిన నీళ్ళు ఉంచండి. నీళ్ళగొట్టం ఉన్న సంచులు ఇక్కడ పనికిరావు, గొట్టంలో నీళ్ళు గడ్డకడతాయి.

ఎక్కడం

మొదటి రోజు సాంక్రి నుంచి జుడా కా తలాబ్‌కు సుమారు నాలుగు కిలోమీటర్లు, 2,770 మీటర్లు. దేవదారు, పైను చెట్ల మధ్య దారి, గడ్డకట్టిన చిన్న చెరువు పక్కన క్యాంపు. రెండో రోజు బేస్ క్యాంపుకు, సుమారు 3,430 మీటర్లు. మూడో రోజు తెల్లవారుజామున శిఖరం, అక్కడినుంచి దిగి 2,710 మీటర్ల దగ్గరున్న హర్‌గావ్. నాలుగో రోజు సాంక్రి.

ఈ లెక్కలో ఒక ఇబ్బంది ఉంది. 3,000 మీటర్లు దాటాక, పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదన్నది వైద్యులు చెప్పే పద్ధతి. ఇక్కడ రెండో రోజే 660 మీటర్లు పెరుగుతుంది, దానికి ముందు రోజు 820. అందుకే సముద్రమట్టం నుంచి నేరుగా వచ్చే మనలాంటి వాళ్ళు సాంక్రిలో ఒక రాత్రి ఎక్కువ ఉండటం చాలా మంచిది. ఆ రోజు పడుకోకుండా చుట్టుపక్కల ఊళ్ళు నడిచి తిరగండి. జుడా కా తలాబ్ చేరిన సాయంత్రం కూడా ఇంకో వంద, నూటయాభై మీటర్లు పైకి ఎక్కి, కాసేపుండి దిగండి.

ఎత్తు జబ్బు 2,500 మీటర్ల పైన ఎవరికైనా రావచ్చు. తలనొప్పి, దాంతోపాటు వికారమో, ఆకలి లేకపోవడమో, నీరసమో, తల తిరగడమో ఉంటే అదే అనుకోవాలి. ‘ప్రయాణం బడలికలే’ అని సర్దిచెప్పుకోవద్దు. ఆ రోజు పైకి ఎక్కకూడదు. నీళ్ళు, పారాసిటమాల్, విశ్రాంతి. తగ్గితే మర్నాడు ఎక్కవచ్చు, తగ్గకపోతే కిందికి. విశ్రాంతిలో కూడా ఆయాసం, గురగుర దగ్గు ఉంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని. మాట తడబడినా, మడమకు బొటనవేలు ఆనించి సరళరేఖలో పది అడుగులు నడవలేకపోయినా మెదడు వాస్తోందని. ఈ రెంటిలో ఏది కనబడినా తెల్లారేదాకా ఆగకుండా, రాత్రయినా సరే, తోడు మనిషితో దింపేయాలి. అయిదు వందల మీటర్లు దిగినా ప్రాణం నిలిచే అవకాశం ఎంతో పెరుగుతుంది.

ఎసిటజోలమైడ్ మాత్ర ముందుజాగ్రత్తగా వాడేవాళ్ళు ఎక్కడానికి ఒక రోజు ముందు నుంచి మొదలుపెడతారు. మామూలు మోతాదు 125 మిల్లీగ్రాములు రెండుపూటలా. మీ డాక్టరును అడక్కుండా వేసుకోవద్దు, సల్ఫా మందులు పడనివాళ్ళు తప్పకుండా చెప్పాలి. బీపీ, గుండె, ఆస్తమా, గర్భం ఉన్నవాళ్ళు ముందు పరీక్ష చేయించుకోవాలి. మద్యం, నిద్రమాత్రలు ఈ నాలుగు రోజులూ పూర్తిగా బంద్, రెండూ రాత్రి ఊపిరిని మందగింపజేస్తాయి.

శిఖరం రోజున రెండు, మూడు గంటలకే లేపుతారు. కారణం సూర్యోదయం ఒక్కటే కాదు. తెల్లవారుజామున మంచు గట్టిగా ఉండి స్పైకులు పట్టుకుంటాయి. ఎండెక్కాక మెత్తబడి మోకాళ్ళ దాకా దిగబడుతుంది, మధ్యాహ్నానికి మబ్బూ గాలీ వస్తాయి. పైన గాలిలో ఆక్సిజన్ మన ఊళ్ళో ఉన్నదాంట్లో అరవై శాతం పైచిలుకు మాత్రమే అందుతుంది. ఇరవై అడుగులు, ఒక ఆగుడు, మళ్ళీ ఇరవై అడుగులు. కూర్చుంటే చల్లబడిపోతారు, కర్ర మీద ఆని నిలబడి ఊపిరి తీసుకోండి. వేళ్ళు మొద్దుబారితే చంకల్లో పెట్టి వేడి చేయాలి, మంచుతో రుద్దకూడదు. తెల్లగా మైనంలా మారి స్పర్శ తెలియకపోతే వెంటనే గైడుకు చెప్పండి.

ఎన్ని గంటలకు వెనుదిరగాలో ముందు రాత్రే గైడుతో కూర్చుని తేల్చుకోండి. పది గంటలనుకుంటే, శిఖరం ఎదురుగా కనిపిస్తున్నా పదింటికి దిగడమే. దిగేటప్పుడు జనం సరదాగా కూర్చుని జారుతుంటారు. గైడు చూపించిన వాలులో, స్పైకులు విప్పాకే జారండి. స్పైకులతో జారితే అవి మంచులో తట్టుకుని చీలమండ విరుగుతుంది.

చిక్కీ కాగితాలు, తడి టిష్యూలు, శానిటరీ ప్యాడ్లు అన్నీ ఒక సంచిలో కట్టి తిరిగి దెహ్రాదూన్ తీసుకురండి. మంచు కింద పూడ్చినవి ఏప్రిల్‌లో మంచు కరిగాక అలాగే బయటపడతాయి. ఆ నీళ్ళే కింది ఊళ్ళకు తాగునీరు.

ఇంటికొచ్చాక

మూటలు విప్పడం వాయిదా వేయకండి. తడి టెంటు, స్లీపింగ్ బ్యాగు రెండు రోజులు అలాగే చుట్టి ఉంటే మన గాలి తేమకు బూజు పట్టి, ఆ వాసన ఎప్పటికీ పోదు. టెంటును నీడలో, ఫ్యాను కింద ఆరబెట్టండి. బెజవాడ ఎండ నేరుగా తగిలితే పైపూత పెళుసెక్కి రాలిపోతుంది. ఈకల బ్యాగును దాని చిన్న సంచిలో కుక్కి ఉంచవద్దు, పాత దిండుగలీబులో వదులుగా వేసి బీరువాలో పెట్టండి. బూట్లలో కాగితాలు కుక్కి, తడి పీల్చాక మార్చి, పూర్తిగా ఆరిన తరువాత అటక మీద కాకుండా గాలి తగిలే చోట ఉంచండి. నెలకొకసారైనా వాటిని తొడుక్కుని మంగళగిరి మెట్లు ఎక్కి వస్తే, పై చలికాలానికి అవీ మీ కాళ్ళూ రెండూ సిద్ధంగా ఉంటాయి.